పిల్లోడు గిటారు అడిగితే కసరబాకండి



ఈ పేజీలో నేను ఎప్పుడూ వరి గురించి, రొయ్యల గుంటల గురించి, కాలవ నీళ్ళ గురించి రాస్తుంటాను. ఈరోజు గిటారు గురించి రాస్తున్నా. ఈయనకేమైంది అనుకోబాకండి. పోస్టు కొంచెం పొడుగే. పొలం పని అయినాక తీరిగ్గా చదవండి. నాతో ఒప్పుకోకపోయినా పర్లేదు. ఇంట్లో చదువుకునే పిల్లలున్న వాళ్ళు మాత్రం చివరిదాకా చదవండి.

మా చిన్నోడు చెన్నైలో డిగ్రీ చదువుతున్నాడు. మొన్న వరికోతలప్పుడు నాలుగు రోజులు ఇంటికొచ్చాడు. రెండో రోజు కోత మిషను కోసం కయ్య గట్టున ఎదురుచూస్తూ కూర్చోనున్నాం. వాడు మెల్లగా, "నాన్నా, ఒక గిటారు కొనుక్కుంటా. ఆరేడు వేలవుతాది" అన్నాడు.

ఆ రోజు నా పరిస్థితి మీకు తెలియాల. లీజుకు తీసుకున్న గుంటలో పోయినేడు తెల్లమచ్చ వచ్చి సరుకంతా పోయింది. మేత బాకీ ఇంకా తీరలేదు. పుట్టికి ఎంతిస్తారో, తేమ పేరు చెప్పి ఎంత కోస్తారో తెలవదు. మిషనోడు ఫోన్ ఎత్తడంలేదు. ఆ చిరాకులో ఉన్నా. "గిటారు అన్నం పెడతదా? పోయి చదువుకోరా" అని కసిరేశాను. పక్కన కూలీలు కూడా ఉన్నారు. వాడు మారు మాట్లాడలేదు. లేచి, గట్టు మీద పట్టలు సర్దడానికి పోయాడు.

వాడు ఎదురు చెప్పి ఉంటే నేను మర్చిపోయేవాణ్ణేమో. చెప్పలేదు గాబట్టి సాయంత్రం దాకా ముల్లులాగా గుచ్చుతా ఉండింది.

రాత్రి అన్నాలు తిని మిద్దె మీద పడుకున్నాం. ఉన్నట్టుండి గిటారు ఎందుకురా అని అడిగా. అప్పుడు చెప్పాడు. ఫ్రెండు బలవంతం మీద చెన్నైలో ఒక గిటారు కచేరీకి పొయ్యాడంట. స్టేజీ మీద ఒకే మనిషి, ఒకే కుర్చీ. పాట పాడేవాళ్ళు లేరు, డ్రమ్ములు లేవు, లైట్లు తిరగడం లేదు. చేతిలో చెక్క పెట్టె గిటారు. అకూస్టిక్ గిటారు అంటారంట దాన్ని. ఎలక్ట్రిక్ గిటారు లాగా కరెంటు మీద పలికేది కాదు, చెక్క గుల్లలోంచే శబ్దం వస్తాది. హాలు పెద్దదైతే ముందర ఒక మైకు పెడతారు, అంతే.

"బొటనవేలు కింది స్వరాల తీగల మీద తాళం నడుపుతా ఉంటాది నాన్నా. మిగతా వేళ్ళు సన్న తీగల మీద పాట వాయిస్తా ఉంటాయి. మధ్యమధ్యలో అరచేత్తో పెట్టె మీద కొడతాడు, ఘటం మాదిరి. కళ్ళు మూసుకుంటే ముగ్గురు వాయిస్తున్నట్టుంది. తెరిస్తే ఒక్కడే" అన్నాడు. సగంలో ఒక తీగ తెగిందంట. ఆయన కంగారుపడలేదు. జేబులోంచి కొత్త తీగ తీసి, జనంతో కబుర్లు చెప్తూ కట్టుకుని, శ్రుతి చూసుకుని, ఆపిన దగ్గర్నుంచి మళ్ళీ ఎత్తుకున్నాడంట.

"ఆ తీగ కట్టుకునేటప్పుడే నాకు అనిపించింది నాన్నా. ఇది మాయగాదు, మనిషి చేసే పని. నేర్చుకుంటే వచ్చేదే అని."

ఈ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఇదే మాట నేను ముప్పై ఏడేళ్ళ కిందట అనుకున్నా. ఎవరికీ చెప్పలేదు, అంతే.

1988 డిసెంబర్. నేను నెల్లూరులో ఇంటర్ అయిపోగొట్టి ఇంటికాడ ఉన్నా. నారు పోసి ఉంది, నాట్లకు ఇంకా టైముంది. మా మేనమామ మద్రాసులో ఒక మెస్సులో లెక్కలు రాసేవాడు. బియ్యం లారీలో ఎక్కి ఆయన దగ్గరికి పొయ్యా. అక్కడ డిసెంబరంటే కచేరీల నెల. మామకు సంగీతం పిచ్చి. "మన తెలుగోడు, నీ ఈడోడు, వాయిస్తున్నాడు. చూద్దువు రా" అని లాక్కుపోయాడు. లోపల సీట్లు లేవు. మామ ఎవరినో బతిమాలి నన్ను పక్క తలుపు దగ్గర నిలబెట్టాడు. స్టేజీకి అంత దగ్గర నేను ఎప్పుడూ నిలబడలేదు.

వాయించింది మాండలిన్ శ్రీనివాస్.

పేరు వినని చిన్నవాళ్ళ కోసం చెప్తా. ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టాడు. నేనూ ఆ సంవత్సరమే పుట్టా. వాళ్ళ నాన్న సత్యనారాయణ గారు క్లారినెట్ వాయించేవారు. ఇంట్లో ఉన్న మాండలిన్‌ని ఆరేళ్ళప్పుడు పట్టుకున్నాడు పిల్లోడు. 1978లో, తొమ్మిదేళ్ళకే, గుడివాడలో త్యాగరాజ ఉత్సవాల్లో కచేరీ చేశాడు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు, అప్పటికి పద్నాలుగేళ్ళు. 1998లో పద్మశ్రీ ఇచ్చారు. 2014 సెప్టెంబర్ 19న చెన్నైలో చనిపోయాడు. నలభై అయిదేళ్ళే. ఆ రోజు టీవీలో చూసి మోటారు షెడ్డులో కూర్చుని ఏడ్చా. మా ఇంటామెకు కూడా ఎందుకో చెప్పలేదు.

అప్పుడు నేను చూసింది చెప్తా. నుదుట బొట్టు, మొహాన చిన్న నవ్వు. ఎడమ చెయ్యి నా వైపే ఉంది. మాండలిన్ చిన్న వాయిద్యం. దాని మెట్లు ఒకదానికొకటి దగ్గర దగ్గరగా ఉంటాయి. ఆ ఇరుకులో వేళ్ళు ఉరుకుతున్నాయి, కానీ మనిషి ఉరకడంలేదు. ఒళ్ళంతా నిమ్మళంగా ఉంది. పక్కన వయొలిన్ ఆయన, మృదంగం ఆయన పెద్దవాళ్ళు, ఈయన కంటే ఎన్నేళ్ళో పెద్ద. వాళ్ళు ఈయన ఎత్తుకునేదాని కోసం కాచుకోనున్నారు.

నాకు రాగం తెలవదు, తాళం లెక్క తెలవదు. అయినా కాళ్ళు నొప్పి పుట్టలేదు. బయటికొచ్చాక మామ బస్సు కోసం చూస్తుంటే నేను నా ఎడమ చేతి వేళ్ళు చూసుకుంటున్నా. నాటు వేసే వేళ్ళు. ఇవి కూడా అట్లా కదులుతాయా అని.

ఊరికొచ్చి ఏం చేశానంటే, భజన బృందంలో ఒకాయన దగ్గర పాత మాండలిన్ మూలన పడుంటే అడిగి తెచ్చుకున్నా. నేర్పేవాళ్ళు లేరు. పొద్దు గుంకినాక సరుగుడు తోపులో కూర్చుని సినిమా పాటలు వెతుక్కుంటా వాయించేవాణ్ణి. వేళ్ళు పగిలాయి. కారం కలిపిన అన్నం తింటే మండేది. ఒక నెలకు తోలు గట్టిపడింది. పది నెలలకు మూడు పాటలు తప్పుల్లేకుండా వచ్చాయి. మా నాయనకు మాత్రం అది చూస్తేనే మంట. "సేద్యం చేసేవాడికి ఇదేం రోగం" అనేవాడు.

1989 నవంబర్‌లో కావలి దగ్గర తీరం దాటిన గాలివాన మా పక్క పెద్దోళ్ళకు గుర్తుంటాది. మా ఇంటి కప్పు లేచిపోయింది. మాండలిన్ నీళ్ళలో నాని, అతుకులు ఊడి, రెండు చెక్కలైంది. మా నాయన దాన్ని చూసి, "పీడ వదిలింది" అన్నాడు. ఆయన తప్పు లేదు. ఆ రోజు తినడానికి గింజ లేదు, పశువులు పొయ్యాయి. కానీ ఆ మాట తర్వాత నేను ఇంకో వాయిద్యం ముట్టుకోలేదు.

నేను శ్రీనివాస్ అయ్యేవాణ్ణని అనడంలేదు. నవ్వబాకండి. నాకున్న బాధ వేరే. నా చేతులు ఎంత దూరం పోగలిగేవో నాకే తెలియకుండా పోయింది. అదొక్కటే.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. గొప్పగా వాయించేవాణ్ణి కళ్ళారా చూసొచ్చిన కుర్రాళ్ళు కొన్నాళ్ళు ఊగిపోతారు. మనం దాన్ని "పిచ్చి", "మోజు", "మూడు రోజుల ముచ్చట" అంటాం. నేనంటా, అది విత్తనం మొలకెత్తే టైము. మూడు రోజుల్లో ఎండిపోయేది మొలక తప్పు కాదు. తడి లేక ఎండుతాది.

పెద్ద విద్వాంసుల కథలు చూడండి. ఒకటే వరస కనపడతాది.

మన పక్కనే కరవది ఉంది, ఒంగోలు దగ్గర. షేక్ చినమౌలానా గారిది ఆ ఊరు. నాదస్వరం వాళ్ళ ఇంటి విద్య. అయినా ఆయన తంజావూరు పక్క టి.ఎన్. రాజరత్నం పిళ్ళై వాయిద్యానికి పడిపోయి, ఆయన్ని మనసులోనే గురువుగా పెట్టుకున్నారు. ఊరికే అభిమానించి ఊరుకోలేదు. ఆ బాణీ నేర్చుకోవడానికి తమిళదేశం పొయ్యి నాచియార్ కోయిల్ సోదరుల దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ వచ్చింది. తెలుగు గడ్డ మీద పుట్టిన ముస్లిం, శ్రీరంగంలో నాదస్వరం గురువై, ఎంతోమందికి నేర్పారు.

మన నెల్లూరు బాలు గారు. వాళ్ళ నాన్న సాంబమూర్తి గారు హరికథలు చెప్పేవారు. అంటే బాలు గారికి కళ ఇంట్లోనే, కళ్ళ ముందరే ఉండింది. ఇంకో సంగతి చాలామందికి తెలవదు. సినిమాల్లో పెద్దవాళ్ళు కాకముందు బాలు గారు నడిపిన పాటల ట్రూపులో గిటారు వాయించినాయన ఇళయరాజా. తర్వాత హార్మోనియం కూడా వాయించాడు. చిన్న చిన్న స్టేజీలు, ఎదురుగా జనం. ఆడ తయారైన చేతులే తర్వాత మన చెవుల్ని ఏలాయి.

మా చిన్నోడు చూసిన లాంటి గిటారుదే ఇంకో కథ ఉంది. జాన్ మెక్‌లాఫ్లిన్ అని ఇంగ్లండు ఆయన. ఎలక్ట్రిక్ గిటారులో అప్పటికే ప్రపంచమంతా పేరున్న మనిషి. ఆయన మన సంగీతానికి ఆకర్షితుడై అమెరికాలో ఎస్. రామనాథన్ గారి దగ్గర వీణ నేర్చుకున్నాడు. పేరొచ్చినాక మళ్ళీ బడిపిల్లోడిలాగా కూర్చున్నాడు చూడండి. 1970ల మధ్యలో జాకీర్ హుస్సేన్, ఎల్. శంకర్, విక్కు వినాయకరామ్ లాంటి వాళ్ళతో కలిసి 'శక్తి' అనే బృందం పెట్టాడు. దానికోసం ఎలక్ట్రిక్ గిటారు పక్కన పెట్టి, గిబ్సన్ కంపెనీతో ప్రత్యేకంగా ఒక అకూస్టిక్ గిటారు చేయించుకున్నాడు. మామూలు గిటారులో మెట్ల మధ్య చెక్క చదరంగా ఉంటాది. దాంట్లో చెక్కను లోపలికి తొలిపించాడు. అప్పుడు తీగను లోతుగా నొక్కి, లాగి, మన గమకాలు పలికించొచ్చు. పైన అడ్డంగా ఇంకో ఏడు తీగలు కట్టించాడు, వాటంతటవి మోగడానికి, సితారుకు తరపు తీగలుంటాయే అట్లా.

అదే పని మన పాలకొల్లు పిల్లోడు ఇంకో రకంగా చేశాడు. మామూలు మాండలిన్‌కు ఎనిమిది తీగలు, జతలు జతలుగా ఉంటాయి. టక్కున మోగి టక్కున ఆగిపోతాది. దాని మీద గమకం నిలవదు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకుని, ఒంటి తీగలు అయిదు కట్టి, స్వరం సాగేట్టు చేసుకున్నాడు. ఇంగ్లండు ఆయన కరెంటు వదిలి చెక్కకొచ్చాడు, మనోడు చెక్క వదిలి కరెంటుకు పొయ్యాడు. ఇద్దరూ వెతికింది ఒకటే గమకం. 1990ల చివర్లో 'రిమెంబర్ శక్తి' అని ఆ బృందం మళ్ళీ మొదలైనాక ఇద్దరూ ఒకే స్టేజీ మీద ఎన్నో దేశాల్లో వాయించారు. 2024లో శక్తి బృందానికి గ్రామీ వచ్చింది. అప్పటికి మెక్‌లాఫ్లిన్ వయసు ఎనభై రెండు. శ్రీనివాస్ లేడు.

ఈ కథల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైంది శ్రీనివాస్ గురువు గారి సంగతి. ఆయన పేరు రుద్రరాజు సుబ్బరాజు. చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు. పాడే మనిషి. ఆయనకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవాడు, పిల్లోడు విని వాయించేవాడు. అట్లనే నేర్పాడు. ఆలోచించండి. వాయిద్యం రాని గురువు ఇంత విద్వాంసుణ్ణి తయారుచేశాడు. ఎందుకంటే ఆయన పక్కన కూర్చున్నాడు. విన్నాడు. తప్పైతే మళ్ళీ పాడాడు.

అంటే నాకర్థమైంది ఇది. మూడు కావాల. ఒకటి, గొప్ప చెయ్యి ఒకదాన్ని దగ్గర్నుంచి చూడాల. రెండు, ఇంటికొచ్చినాక చేతికి ఒక వాయిద్యం దొరకాల, అది పాతదైనా సరే. మూడు, "కానీరా" అని వినేవాళ్ళు ఇంట్లో ఒకరుండాల. నాకు మొదటి రెండూ దొరికాయి. మూడోది దొరకలేదు. మా చిన్నోడికి మొదటిది దొరికింది. రెండోదీ మూడోదీ అడ్డుకోబోయింది నేనే.

ఇక మీరు అడగబోయేవాటికి జవాబు చెప్తా.

"అన్నీ ఫోన్‌లో ఉన్నాయి గదా, కచేరీకే పోవాలా?" అంటారు. ఫోన్ పనికిమాలిందని నేననను. మా వాడు పాఠాలు ఫోన్‌లోనే చూస్తున్నాడు. కానీ వ్యవసాయ శాఖ వాళ్ళు పొలంబడి ఎందుకు పెడతారు? కాగితం మీద రాసిస్తే చాలదా? కయ్యలో దించి, ఆకు తిప్పి, ఇదిగో ఈ పురుగు మంచిది, ఈ పురుగు చెడ్డది అని చూపిస్తేగాని మనకు ఎక్కదు. నేను నారు పీకడం మా తాత చెయ్యి చూసి నేర్చుకున్నా. ఎంత పట్టు పట్టాల, వేరు తెగకుండా ఎట్లా లాగాల, బురద ఎట్లా కడగాల. అవి మాటల్లో లేవు, చేతిలో ఉన్నాయి. ఫోన్‌లో తప్పులు కోసేస్తారు. నలభై సార్లు తీసి ఒకటి పెడతారు. అది చూసిన పిల్లోడు "ఇది నా వల్ల కాదు" అనుకుంటాడు. ఎదురుగా చూస్తే తీగ తెగడం కనపడతాది, చెమట కనపడతాది, శ్రుతి సరిగా కుదరక మళ్ళీ మళ్ళీ బిర్ర తిప్పడం కనపడతాది. అప్పుడు "నేర్చుకుంటే వచ్చేదే" అనిపిస్తాది. ధైర్యం అక్కడ పుడతాది.

"చదువు పాడైపోతాది" అంటారు. న్యాయమైన భయమే. నాకూ ఉంది. కానీ నిజం చెప్పండి, మీ పిల్లోడు రోజుకు ఫోన్‌లో ఎంతసేపు వేలితో పైకీ కిందకీ తోస్తున్నాడు? ఆ వేలు దాంట్లోంచి అరగంట తీగ మీద పెడితే చదువు పోతాదా?

"అందరూ గొప్పోళ్ళు అవుతారా?" అంటారు. కారు. వరి వేసిన వాళ్ళందరికీ ఉత్తమ రైతు సన్మానం జరుగుతుందా? అయినా అందరం వేస్తున్నాం, తింటున్నాం. పదిమందిలో ఒకడు కచేరీ చేస్తాడేమో. మిగతా తొమ్మిదిమందికి వినే చెవి వస్తాది. ఓపిక వస్తాది. ఒంటరిగా ఉన్నప్పుడు మనసుకు ఒక తోడు వస్తాది. పిల్లలు చిన్న దెబ్బకే దిగులుపడి గది తలుపేసుకుంటున్న రోజులివి. ఆ గదిలో ఒక వాయిద్యం ఉండటం మంచిదా, ఉత్త ఫోనే ఉండటం మంచిదా?

"మోజు తీరినాక మూలన పడేస్తాడు, డబ్బులు దండగ" అంటారు. ఇది నేనూ ఒప్పుకుంటా. కుర్రాళ్ళకూ ఒక మాట చెప్పాల. కచేరీ చూసి చప్పట్లు కొట్టి, ఆయన ఫోటో స్టేటస్‌లో పెట్టుకుని, మరుసటి రోజు మర్చిపోతే ఆ అభిమానానికి విలువ లేదు. వాయించిన మనిషి నీకు చూపించింది రెండు గంటలు. దాని వెనక ఆయన వేలు తీగ మీద అరిగిన ఏళ్ళున్నాయి. నీకు నిజంగా ఆయన మీద గౌరవముంటే రేపు పొద్దున అరగంట కూర్చో. ఎల్లుండి ఇంకో అరగంట.

అందుకే నేను మా చిన్నోడితో ఒక ఒప్పందం చేసుకున్నా. ఆ రాత్రే. "అబ్బయ్యా, ముందు మూడు నెలలు నీ ఫ్రెండు గిటారు అడిగి తెచ్చుకో. రోజుకు అరగంట తప్పకుండా కూర్చో. మూడు నెలల తర్వాత ఏం వాయించినా పర్లేదు, నాకు వినిపించు. అప్పుడు సగం నేనిస్తా, సగం నువ్వు ఖర్చుల్లో మిగుల్చుకో." వాడు చీకట్లో ఏం మాట్లాడలేదు. కాసేపటికి, "నువ్వు వింటావా నాన్నా?" అన్నాడు. డబ్బు గురించి అడగలేదు, వింటావా అని అడిగాడు.

మొన్న వచ్చాడు, అరువు గిటారు సంచిలో వేసుకుని. ఎడమ చేతి వేళ్ళ కొసలు చూశా. గట్టిపడి ఉన్నాయి. నేనేం అనలేదు, చూసి ఊరుకున్నా. సాయంత్రం మబ్బుపట్టి గాలి లేచి కరెంటు పోయింది. ఫ్యాను లేదు, టీవీ లేదు. అరుగు మీద కూర్చుని వాయించాడు. ఒక పాత పాట. రెండు చోట్ల తప్పాడు, ఒకచోట ఆగి మళ్ళీ మొదలుపెట్టాడు. గొప్పగా ఉందని అబద్ధం చెప్పను. కానీ వాళ్ళమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచొచ్చి గడపలో నిలబడింది. పక్కింటి పిల్లలు ముగ్గురొచ్చి వాడి ముందర గొంతుక్కూర్చున్నారు. వాళ్ళు మొహం చూడలేదు, వేళ్ళు చూస్తున్నారు. దాంట్లో ఏడేళ్ళ పాప ఒకతె, వాడు ఆపగానే, "అన్నా, నేను ఒకసారి ముట్టుకుంటా" అంది.

నేను డబ్బులిచ్చేశా. సగం కాదు, మొత్తం. ఎంతంటే, రొయ్యల మేత మూడు బస్తాల ఖర్చు. గుంటలో పోసి పోగొట్టుకున్నదాంట్లో అది లెక్కలోకి రాదు.

ఇప్పుడు మా ఊరి పెద్దలకూ, మీ ఊరి పెద్దలకూ ఒక మాట. ఈ ఏడు తిరునాళ్ళకు మళ్ళీ చందాలు రాస్తున్నారు. నేనూ ఇస్తా. పోయినేడు ఆ డబ్బులో పెద్ద వాటా ఎక్కడికి పోయిందో అందరికీ తెలుసు, డీజే పెట్టెలకు. గుండె జబ్బున్న ముసలోళ్ళు చెవుల్లో దూది పెట్టుకున్నారు. కిటికీ అద్దాలు అదిరాయి. తెల్లారి ఒక్క పిల్లోడికైనా దానివల్ల చేతికి ఏమైనా వచ్చిందా?

డీజే మానేయమని నేననడంలేదు. కుర్రాళ్ళు ఎగురుతారు, ఎగరనీయండి. నేనడిగేది ఒక్క సాయంత్రం. వీణో, వయొలినో, నాదస్వరమో, మాండలినో, గిటారో, ఏదో ఒకటి బాగా వాయించే ఒక మనిషిని పిలవండి. నెల్లూరులో బాలు గారి పేరుతో ప్రభుత్వ సంగీత, నృత్య పాఠశాల ఉంది. అట్లాంటి చోట అడిగితే వచ్చేవాళ్ళు దొరుకుతారు. పెద్ద స్టేజీ వద్దు. గుడి మండపం చాలు, ఒక మైకు చాలు. సన్మానాలు, ఉపన్యాసాలు పెట్టబాకండి. ముందు వరసలో కుర్చీలు తీసేసి చాప పరిచి పిల్లల్ని కూర్చోబెట్టండి, వేళ్ళు కనపడేట్టు. అయిపోయినాక పది నిమిషాలు ఆయన్ని బతిమాలి పిల్లల్ని వాయిద్యం ముట్టుకోనివ్వండి.

ఎవరొస్తారు అంటారా? నలభై మంది వస్తారేమో. ఇరవై మందే రావొచ్చు. పర్లేదు. 1988లో మామ నన్ను నిలబెట్టిన తలుపు దగ్గర నేనొక్కణ్ణే ఉన్నా. నాలో అది ఇన్నేళ్ళు బతికుంది గదా.

ఈ మాట తిరునాళ్ళ కమిటీ మీటింగులో లేచి చెప్దామనుకుంటున్నా. నవ్వేవాళ్ళు నవ్వుతారు. అయినా చెప్తా. దానికయ్యే ఖర్చులో నా వాటాగా పది బస్తాల వడ్లు అమ్మిన డబ్బు ఇస్తానని ఇక్కడే రాస్తున్నా, మళ్ళీ మాట మార్చకుండా.

మీ ఇంట్లో పిల్లోడో పిల్లో ఏదో చూసొచ్చి కళ్ళు మెరుస్తా మీ పక్కన కూర్చుంటే, ఆ రోజు మీకు పుట్టి ధర దిగులున్నా, మేత బాకీ ఉన్నా, ఒక్క నిమిషం ఆగండి. కసరబాకండి. "ఏం చూశావురా, చెప్పు" అనండి. తర్వాత డబ్బులు ఇస్తారా, ఇవ్వలేరా అనేది మీ ఇష్టం, మీ పరిస్థితి. వినడానికి ఖర్చు లేదు.

మీలో ఎవరైనా నా మాదిరి ఎప్పుడో మొదలుపెట్టి ఆపేసిన వాళ్ళుంటే, ఏ వాయిద్యం, ఎందుకు ఆపారు అన్నది రాయండి. నేను తీరిగ్గా అందరివీ చదువుతా.

ఎడగారు నాట్లు మొదలైనాయి. వచ్చే పోస్టులో మళ్ళీ కాలవ నీళ్ళ గురించే రాస్తా. ఇంకో సంగతి. మా చిన్నోడు చెన్నై పోతా పోతా అరువు గిటారు ఇంట్లోనే మర్చిపోయాడు. మర్చిపోయాడో, కావాలనే పెట్టిపోయాడో తెలవదు. నిన్న రాత్రి మిద్దె మీదకి తీసుకుపొయ్యి ఒక తీగ నొక్కి చూశా. ముప్పై ఆరేళ్ళ తర్వాత వేలు బాగానే మండింది.